పిల్లకు ఆట నేర్పే సారు



మా చదువు కేంద్రానికి ఒక అక్క వస్తుంది. పటాన్‌చెరులో ఒక కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. మొన్న రాత్రి పుస్తకం మూసి నన్ను అడిగింది.

"చెల్లె, మా బిడ్డ ఏడో తరగతి. కబడ్డీ మంచిగ ఆడుతదట. ఒక కోచ్ సారు రోజూ పొద్దుగాల ఐదున్నరకు గ్రౌండుకు పంపుమంటున్నడు. ఆడుడు పిల్లకు వచ్చు గదా! మల్ల ఈయన నేర్పేదేంది? తెల్వనోళ్ల చేతుల ఆడపిల్లను ఎట్ల పెట్టాలె?"

రెండూ అడగాల్సిన ప్రశ్నలే. మీలో చాలామందికి ఈ ప్రశ్నలు ఉంటాయి. అందుకే రాస్తున్నాను.

కోచ్ అంటే ఆట నేర్పే గురువు. బడిలో పీఈటీ సారు పిల్లలందరికీ అన్ని ఆటలూ ఆడిస్తాడు. కోచ్ మాత్రం ఒక్క ఆటనే పట్టుకుని దాని లోతు చూపిస్తాడు. కబడ్డీనే తీసుకోండి. కూతకు పోయిన పిల్లకు ముప్పై సెకన్లే టైము. ఎదురుగా ఏడుగురు ఉంటారు. ఎవరి కాలు ముందుకుంది? ఎవరు అలిసిపోయారు? ఎక్కడ తాకి ఎటు తిరగాలి? ఇది చూసే కన్ను ఒక్కరోజులో రాదు. కింద పడడం కూడా నేర్చుకోవాలి. మోకాలు తిరగకుండా, తల నేలకు తగలకుండా పడాలి. ఇవన్నీ చూపించి, వందసార్లు చేయించేవాడు కోచ్.

మీ కంపెనీలో సూపర్‌వైజర్ ఉంటాడు. ఇన్ని డబ్బాలు కావాలి అంటాడు, పోతాడు. కొత్తగా చేరిన మీకు పని నేర్పింది ఆయన కాదు. పక్కన నిలబడి, చెయ్యి ఎట్ల పెట్టాలో, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో చూపించిన పాత అక్క ఉంటుంది చూడండి. కోచ్ పని ఆ అక్క పనిలాంటిది. ఉత్తగా "గెలువు, గెలువు" అని అరిచేవాడు కోచ్ కాదు.

మన హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం అని ఒక సారు ఉండేవారు. 1909లో పుట్టారు. కాచిగూడలో బడిపంతులుగా కూడా పనిచేశారు. (నేనూ టీచర్నే కాబట్టి ఈ మాట చెప్పేటప్పుడు నాకు కొంచెం గర్వం!) ఆయన మన దేశం ఫుట్‌బాల్ జట్టుకు కోచ్ అయ్యారు. ఫుట్‌బాల్ కాళ్లతో ఆడే ఆట. చాలామందికి కుడికాలు వాటం, ఎడమకాలు మొద్దు. రహీం సారు వాటం లేని కాలితోనే ఆడాలి అని షరతు పెట్టి పోటీలు నడిపేవారు. మొద్దు కాలు కూడా మెల్లగా పనిలోకి వచ్చేది. చూడండి, తిట్టలేదు. లోపం ఎక్కడుందో ఆటనే అక్కడికి తిప్పారు.

1952లో మన జట్టు ఫిన్లాండ్ దేశం పోయింది. మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఉత్త కాళ్లతో ఆడారు. యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడారు. ఆ తర్వాత మన ఆటగాళ్లకు బూట్లు తప్పనిసరి చేశారు. పదేళ్లు తిరిగాయి. 1962లో జకార్తాలో ఆసియా క్రీడలు జరిగాయి. అప్పటికి రహీం సారు క్యాన్సర్‌తో ఉన్నారు. అయినా జట్టుతో పోయారు. ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో గెలిచి బంగారు పతకం తెచ్చారు. మరుసటి ఏడే, 1963లో, ఆయన చనిపోయారు.

ఇది పాత సంగతి, అదీ మగవాళ్ల ఆట అంటారేమో. మనకు దగ్గరిదే ఇంకొకటి చెబుతాను.

పటాన్‌చెరు నుంచి లింగంపల్లి మీదుగా పోతే గచ్చిబౌలి వస్తుంది. అక్కడ పుల్లెల గోపీచంద్ గారి బ్యాడ్మింటన్ అకాడమీ ఉంది. మనం షటిల్ అంటామే, ఆ ఆట. గోపీచంద్ గారికి 1994లో ఆడుతుండగా మోకాలికి పెద్ద దెబ్బ తగిలింది. ఆపరేషన్లు అయ్యాయి. అయినా లేచి, 2001లో ఆల్ ఇంగ్లండ్ అనే పెద్ద పోటీ గెలిచారు. తర్వాత పిల్లలకు నేర్పాలనుకున్నారు. సొంత ఇల్లు కుదువ పెట్టి మరీ అకాడమీ కట్టారు. 2008లో అది మొదలైంది.

పి.వి. సింధు పేరు మీరు వినే ఉంటారు. చిన్నప్పుడు ఆమె ఇల్లు సికింద్రాబాద్ దిక్కు. అక్కడి నుంచి రోజూ పోను రాను 56 కిలోమీటర్లు తిరిగి ప్రాక్టీసుకు వచ్చేది. ఆమెను తెల్లవారకముందే లేచి తీసుకొచ్చిన తల్లిదండ్రుల కష్టం కూడా ఆ పతకాల్లో ఉంది.

సింధుకు కోర్టులో గొంతు లేవకపోయేది. ఎదుటివాళ్లు అరుస్తుంటే ఈమె మెత్తగా ఉండేది. గోపీచంద్ గారు అందరి ముందు ఆమెను కోర్టు నడుమ నిలబెట్టారు. గట్టిగా అరిచేదాకా రాకెట్ ముట్టనీయను అన్నారు. 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు మూడు నెలలు ఆమె ఫోన్ తీసుకున్నారు. చివరి రోజుల్లో ఐస్‌క్రీం కూడా వద్దన్నారు. ఆ ఒలింపిక్స్‌లో సింధుకు వెండి పతకం వచ్చింది. ఫోనూ తిరిగి వచ్చింది.

నిజం చెప్పాలంటే, ఆ అరిపించిన సంగతి చదివినప్పుడు నాకు మనసు ఒప్పలేదు. సింధు అప్పటికే పేరున్న ఆటగత్తె. ఆమె తట్టుకుంది. పన్నెండేళ్ల పిల్లను అట్ల అందరి ముందు నిలబెడితే, మరునాడు గ్రౌండుకే రాకపోవచ్చు. ఏ పిల్లకు ఎంత గట్టిదనం, ఎంత మెత్తదనం అనేది కోచ్‌కు తెలిసి ఉండాలి.

ఇంకో సంగతి. 2021లో టోక్యోలో సింధు కంచు పతకం తెచ్చింది. అప్పటికి ఆమె కోచ్ వేరు. కొరియా దేశం నుంచి వచ్చిన పార్క్ టే సాంగ్. కోచ్‌ను మార్చుకోవచ్చు, అక్కా. పిల్ల ఎవరి సొత్తూ కాదు.

ఇప్పుడు ఒంటి మాట. ఆటకు ముందు పావుగంటన్నా ఒళ్లు వేడెక్కించాలి. మెల్లగా ఉరకాలి, కాళ్లూ చేతులూ సాగదీయాలి. లేకుంటే నరం పడుతుంది. నడుమ నడుమ నీళ్లు తాగాలి. నేను చిన్నప్పుడు ఖోఖో ఆడేదాన్ని. మాకు ఆడించిన ఒక సారు, ఆట నడుమ నీళ్లు తాగితే దమ్ము పోతుంది అనేవాడు. ఏప్రిల్ ఎండలో ఒకరోజు నా కళ్లు తిరిగి పడ్డాను. ఇంట్లో చెబితే ఆట మాన్పిస్తారని చెప్పలేదు. సారు మాట తప్పు. చెమట పోయేకొద్దీ నీళ్లు తాగాలి.

వారానికి ఒక రోజన్నా పిల్లకు విశ్రాంతి ఇవ్వాలి. తిండి కూడా పెరగాలి. ఖరీదైన పొడి డబ్బాలు కొనమని ఎవరన్నా చెబితే కొనకండి. గుడ్డు, పప్పు, పల్లీలు, ఆకుకూర, జొన్నరొట్టె, పెరుగు చాలు. ఆడపిల్లల్లో చాలామందికి రక్తం తక్కువ. బడిలో ఐరన్ గోళీ ఇస్తే పారేయకుండా మింగమనండి. ముట్టు వచ్చినప్పుడు ఆడవచ్చా అంటే, ఆడవచ్చు, తప్పు లేదు. కడుపు నొస్తే మాత్రం, ఈరోజు వద్దు సార్ అని చెప్పే ధైర్యం పిల్లకు ఉండాలి. ఆ మాట వినే ఓపిక కోచ్‌కు ఉండాలి.

కోచ్ పని నేర్పే సంస్థ కూడా ఉంది. పంజాబ్‌లోని పటియాలాలో 1961లో పెట్టారు. అక్కడ చదివినవాళ్లను ఎన్.ఐ.ఎస్. కోచ్ అంటారు. ఆ కాగితం లేని మంచి కోచ్‌లూ ఉన్నారు. కానీ "ఎక్కడ నేర్చుకున్నరు సారూ?" అని అడగడం మన హక్కు.

ఇక ఆ అక్క రెండో ప్రశ్న. ఎట్ల నమ్మాలి?

కొట్టే కోచ్ వద్దు. బడిలో పిల్లల్ని కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టమే చెబుతుంది. పిల్లను ఒంటరిగా గదికి పిలిచేవాడు వద్దు. ఆట చూపించేటప్పుడు చెయ్యి పట్టాల్సి వస్తుంది, నిజమే. కానీ ఏది ఆట చెయ్యో, ఏది కాదో పిల్లకు తెలుస్తుంది. ఆమె చెబితే నమ్మండి. "నీకే అట్ల అనిపించింది" అని నోరు మూయించకండి. 18 ఏళ్ల లోపు పిల్లలను లైంగికంగా వేధిస్తే శిక్షించడానికి 2012లో పోక్సో చట్టం వచ్చింది. 1098 నంబరుకు ఫోన్ చేస్తే పిల్లలకు సాయం దొరుకుతుంది. పైసలు పడవు. ఈ నంబరు ఇంట్లో గోడ మీద మీ చేత్తోనే రాసిపెట్టండి.

ఆ అక్క రాత్రి షిఫ్టు దిగి నేరుగా గ్రౌండుకు పోయింది. గేటు దగ్గర నిలబడి గంటసేపు చూసింది. తర్వాత కోచ్‌ను అడిగింది. ఎక్కడ నేర్చుకున్నరు? దెబ్బ తగిలితే ఏ దవాఖానకు తీస్కపోతరు? చదువు పోతదా? ఆయన విసుక్కోకుండా చెప్పాడు. పరీక్షల నెలలో ప్రాక్టీసు ఒక్క పూటే అన్నాడు.

"బయటి ఊరికి ఆటకు పోయినప్పుడు ఆడపిల్లల తోటి ఆడమనిషి ఎవరొస్తరు?" అని కూడా అడిగింది. దానికి ఆయన దగ్గర జవాబు లేదు.

"గట్లయితే ఊరు దాటి పంప" అని ఈ అక్క కరాఖండిగా చెప్పింది. పక్కన నిలబడ్డ ఇంకో ఇద్దరు తల్లులు కూడా అదే మాట అన్నారు. వచ్చే నెల సంగారెడ్డిలో పోటీలున్నాయి. పిల్లలతో ఒక తల్లి పోవాలని, ఆమె బస్సు కిరాయి అందరూ కలిసి వేసుకోవాలని ఒప్పుకున్నారు. మొదటిసారి ఈ అక్కే పోతోంది. ఆ రోజు కోసం పక్క లైనులో పనిచేసే ఆమెతో షిఫ్టు మార్చుకుంది.