టైరు మీది అంకెలు చదువుదాం

మనలో ఎందరో నాన్నలు, అన్నలు బండి నడిపి మనల్ని చదివిస్తున్నారు. టైరు కొనేటప్పుడు వారికి ఈ అంకెలు చదివి చెబుదాం.

ఉదాహరణకు 165/80 ఆర్ 14 85టి. 165 మిల్లీమీటర్లు వెడల్పు. అందులో 80 శాతం టైరు పక్కభాగం ఎత్తు. ఆర్ అంటే రేడియల్. 14 అంగుళాలు రిమ్ము వ్యాసం. 85 అంటే 515 కిలోల వరకు మోస్తుంది. టి అంటే గరిష్ఠ వేగం గంటకు 190 కిలోమీటర్లు.

విడిగా గుండ్రటి గడిలో ఉండే 4 అంకెలు ముఖ్యం. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. అరగకపోయినా ఏళ్లు గడిస్తే రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. మెరుపు చూసి మోసపోకూడదు.

టైరు మార్చాక వీల్ బ్యాలెన్సింగ్ చేయించాలి. చక్రంలో ఒకవైపు బరువెక్కువైతే వేగంలో స్టీరింగు వణుకుతుంది. మిషను మీద తిప్పి, తేలికవైపు రిమ్ముకు గ్రాముల లెక్కన చిన్న బరువులు బిగిస్తారు.

సెలవుల్లో ఇంటికెళ్లగానే బండి టైర్లు ఒక్కసారి చూడండి.