కీత్ హారింగు పరిమితముద్రణములు

కీత్ హారింగు (1958–1990) అమెరికా దేశీయుఁడగు చిత్రకారుఁడు. గోడవ్రాఁతలచేఁ బ్రేరితుఁడై యీతఁడు 1980 మొదలుకొని కొన్నియేండ్లు న్యూయార్కు భూగర్భ రైలుస్టేషనులలో, ప్రకటనలు లేని ఫలకములపై నంటించిన నల్లకాగితములమీఁద సుద్దతో బొమ్మలు వ్రాసెను. అవి దారిఁబోవు వారెల్లరకును వెలలేక లభించెను. పేరు హెచ్చినకొలఁది జనులు వానిని ఊడఁదీసి యమ్మసాగిరి.

ఆతఁడు పట్టుతెర ముద్రణమును గూడ నవలంబించెను. చట్రమునకు బిగించిన పలుచని వలగుడ్డలో బొమ్మకు వెలుపలి భాగమును మూసి, పైనుండి రంగు నదిమినచో బొమ్మ క్రింది కాగితముపైఁ బడును. 1987లో వెలువడిన ‘పాప్ షాప్’ చిత్రముల మొదటి జట్టు 200 ప్రతులకుఁ బరిమితము. కళాకారునికై తీసిన ప్రతులు వేఱు. ఇట్టి ముద్రణములపైఁ బెన్సిలుతో నొక భిన్నము వ్రాయుట యాచారము. 25/200 అనఁగా హారము మొత్తమును, లవము ఆ ప్రతిసంఖ్యను దెలుపును.

చట్రము 201వ ప్రతిని ముద్రింపఁజాలదా? చాలును. హద్దు యంత్రమునందు లేదు. ఇచ్చిన మాటయం దున్నది. కొనువాఁడు చిత్రముతోఁబాటు ఆ మాటకును వెల యిచ్చుచున్నాఁడు.

ఈ చిత్రములకుఁ బేరిచ్చిన ‘పాప్ షాప్’ అను దుకాణమును హారింగు 1986లో న్యూయార్కునఁ దెఱచి, తన బొమ్మలనే చొక్కాలు మున్నగువానిపై నచ్చువేయించి చౌకగా విక్రయింపఁజేసెను. అది 2005 వఱకు నడచెను. సంఖ్య వేసిన ప్రతి కొందఱిదే యైనను, బొమ్మ యందఱిదిగా నుండవలెనను తలంపును ఆతఁడు విడువలేదు.