యంత్రం నుంచి సొంత ఊపిరికి

వానాకాలం రాత్రుల్లో నేలమీద పడుకోవద్దని మా తిరువూరు పల్లెల్లో పెద్దలు హెచ్చరిస్తారు. కట్లపాము భయం! దాని విషం నరాల ఆజ్ఞలు కండరాలకు చేరకుండా అడ్డుకుంటుంది. ఛాతీకీ పొట్టకూ మధ్యనున్న ఉదరవితానం కదలక ఊపిరి ఆగుతుంది. అప్పుడు ఆసుపత్రిలో వెంటిలేటర్ గొట్టం ద్వారా గాలి పంపి ప్రాణం నిలుపుతుంది.

మరి యంత్రాన్ని ఎప్పుడు తీయాలి? తొందరపడితే రోగి అలసిపోతాడు. ఆలస్యమైతే పనిలేని కండరం నీరసిస్తుంది, ఊపిరితిత్తులకు అంటురోగం సోకవచ్చు.

ఏ జబ్బుతో యంత్రం ఎక్కినా, చాలామంది మొదటి ప్రయత్నంలోనే బయటపడతారు. మిగిలినవారికి ముఖ్యంగా మూడు పద్ధతులు:

1. యంత్రమిచ్చే శ్వాసల సంఖ్యను క్రమంగా తగ్గించడం.
2. రోగి పీల్చే ప్రతి శ్వాసకూ యంత్రమిచ్చే ఒత్తిడి సాయాన్ని తగ్గిస్తూ పోవడం.
3. రోజుకొకసారి సొంతంగా శ్వాసించనిచ్చి, అలసిపోతే మర్నాటివరకు యంత్రంపై విశ్రాంతినివ్వడం.

స్పెయిన్ వైద్యులు 130 మంది రోగుల్లో ఇలాంటి పద్ధతులను పోల్చి 1995లో ఫలితాలు ప్రకటించారు. మూడవ పద్ధతి మొదటిదానికంటె సుమారు మూడు రెట్లు, రెండవదానికంటె సుమారు రెండు రెట్లు త్వరగా యంత్రం నుంచి విడిపించింది!

అలసిన కండరానికి శ్రమ ఎంత అవసరమో, విశ్రాంతీ అంతే అవసరమన్నమాట.

పొట్టమీద చేయి ఉంచి గాలి పీల్చండి. చేయి పైకి లేచింది కదూ? అది ఉదరవితానం చేసిన పనే!