అమ్మ మోకాలు, అన్నయ్య ముల్లు

"మన ఊరి ఈత ముల్లే మీ అన్నయ్య ఒంటికి పడలేదు. ఎక్కడో ఫ్యాక్టరీలో చేసిన ఇనపముక్క నా ఒంటికి పడుతుందటే?"

మోకాలి మార్పిడి ఆపరేషన్ చేయించుకోమని నేను పోరుతుంటే మా అమ్మ వేసిన ప్రశ్న ఇది. ఇరవై ఏళ్ళుగా ఇక్కడ అమెరికాలో ఒక ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ఒంట్లో అమర్చే వస్తువులు ఒంటికి పడతాయో లేదో పరీక్షించడమే నా ఉద్యోగం. మీటింగుల్లో ఎన్నో ప్రశ్నలకు జవాబులు చెప్పాను కానీ, ఇంత సూటి ప్రశ్న మాత్రం నన్నెవరూ అడగలేదు!

ముందు ఆ ముల్లు సంగతి చెప్పాలి. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. అన్నయ్యకు పదేళ్ళప్పుడు, కాలవగట్టు మీద ఈతపళ్ళ కోసం ఎగబడి జారిపడ్డాడు. మోకాట్లో ముల్లు దిగింది. అమ్మ పిన్నీసుతో ముల్లు తీసి, పసుపు అద్దింది. అయిపోయిందనుకున్నాం. నెల తిరక్కుండా మోకాలు బూరెలా పొంగింది. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు. తగ్గడం, మళ్ళీ వాయడం, ఇలా ఐదారు నెలలు గడిచాయి. చివరికి గుంటూరులో డాక్టరుగారు కోసి చూస్తే బియ్యపు గింజంత ముల్లు మొన బయటపడింది. విరిగి లోపలే ఉండిపోయిందన్నమాట. అది తీశాక గానీ వాడు మళ్ళీ పరుగెత్తలేదు.

తిండిపోతు కాపలాదార్లు

పిల్లలూ, మన ఒంట్లో మాక్రోఫేజ్‌లనే కాపలా కణాలుంటాయి. ఆ మాటకు 'పెద్ద తిండిపోతులు' అని అర్థం. చిత్రమేమిటంటే, వీటి పని మొదట తెలిసింది కూడా ముల్లుతోనే! 1882లో ఇల్యా మెచ్నికోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త సిసిలీ దీవిలోని మెస్సీనాలో ఉండేవారు. అద్దంలా లోపలంతా కనిపించే నక్షత్రచేప పిల్లల ఒంట్లోకి ఆయన గులాబీ ముళ్ళు గుచ్చారు. తెల్లారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. ఈ దారిలో చేసిన కృషికే 1908లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

అన్నయ్య మోకాట్లో జరిగిందీ ఇదే. ముల్లులో ఉండేది చాలావరకు సెల్యులోజ్. దాన్ని కరిగించే ఎంజైము మన ఒంట్లో లేదు. ఆవు గడ్డి అరిగించుకుంటుందంటే, దాని పొట్టలోని సూక్ష్మజీవుల పుణ్యమే! కాపలా కణాలు ముల్లును మింగలేవు, వదల్లేవు. కొన్ని కణాలు కలిసిపోయి రాక్షస కణాలవుతాయి. చుట్టూ గోడ కడతాయి, గొడవ పడుతూనే ఉంటాయి. పైగా ముల్లు ఒంటరిగా రాదు, మట్టినీ సూక్ష్మజీవులనూ వెంటబెట్టుకొస్తుంది. లోహంలాగా ఎక్స్‌రేలో కనపడదు కూడా. అందుకే పిల్లలకు ముల్లు గుచ్చుకున్నాక వాపు తగ్గకపోతే, "ఎక్స్‌రే బాగానే ఉంది" అని ఊరుకోకండి. ముల్లు సంగతి డాక్టరుకు చెప్పి, అల్ట్రాసౌండ్ అవసరమేమో అడగండి.

ఎముక వదలని లోహం

మరి లోహం మాటేమిటి? 1952లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే డాక్టరు ఎముకలో రక్తం ఎలా ప్రవహిస్తుందో చూడాలని, కుందేలు కాలి ఎముకలో టైటానియం పరికరమొకటి అమర్చారు. పని అయ్యాక తీసి ఇంకోసారి వాడుకుందామనుకుంటే అది రాలేదు! ఎముక దాన్ని తనలో కలిపేసుకుంది. దీని ఆధారంగానే 1965లో ఆయన మొదటిసారి ఒక మనిషి దవడలో టైటానియం మరలు బిగించి, వాటిపై పళ్ళు అమర్చారు. ఈనాటి పళ్ళ ఇంప్లాంట్లకు అదే నాంది.

రహస్యమంతా పైపూతలో ఉంది. గాలి తగలగానే టైటానియం మీద కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. గీత పడితే వెంటనే మళ్ళీ కట్టుకుంటుంది. కాపలా కణాలు వచ్చి తడిమి చూస్తాయి. కరిగేది లేదు, కారేది లేదు. మెల్లగా సద్దుమణుగుతాయి. ఎముక వచ్చి దగ్గరగా పెరుగుతుంది.

"అంటే నోరు మూసుకుని కూర్చుంటే ఊరుకుంటాయన్నమాట!" అంది అమ్మ. మా పాఠ్యపుస్తకాల్లో ఇంత తేలిగ్గా చెప్పినవాళ్ళు లేరు. ఆపరేషన్‌కు ఒప్పుకుంది.

నేను మరచిపోయిన కమ్మలు

ఆపరేషన్‌కు ముందు ఆసుపత్రిలో నర్సు వరసగా ప్రశ్నలడుగుతోంది. అమ్మ తరఫున నేనే జవాబులు చెబుతున్నాను. "ఏదైనా లోహం పడదా?" అని అడిగితే, అమ్మను అడగకుండానే "అలాంటివేమీ లేవు" అనేశాను. పక్కన కూర్చున్న మా అమ్మాయి, పన్నెండేళ్ళది, నా చెయ్యి పట్టుకు లాగింది. "అమ్మా! ఉగాది ప్రోగ్రామ్‌కి పెట్టుకున్న కమ్మలు అమ్మమ్మకి పడలేదు కదా!"

నిజమే! చీరకు నప్పాయని నేనే గిల్టు కమ్మలు పెట్టాను. రెండు రోజులకి చెవులు దురదపెట్టి రసి కారాయి. అప్పుడు అమ్మ తాపీగా, "నాకు మొదటినుంచీ అంతేగా. చెవులు కుట్టినప్పుడు వేపపుల్ల పెడితే ఊరుకుంది. గిల్టు పెడితే చీము పట్టింది. అందుకే బంగారం తప్ప పెట్టను" అంది. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న నేను తలదించుకున్నాను.

గిల్టు నగల్లో తరచూ నికెల్ ఉంటుంది. చెమట తగిలితే అది కొద్దికొద్దిగా కరిగి చర్మంలోని ప్రోటీన్లను పట్టుకుంటుంది. కొందరి రక్తకణాలు దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుని, మళ్ళీ తగిలినప్పుడల్లా ఒకటి రెండు రోజుల్లో తిరగబడతాయి. కొత్త మోకాల్లో తొడ ఎముక చివర తొడిగే భాగం సాధారణంగా కోబాల్టు, క్రోమియం కలిసిన లోహం. అందులో నికెల్ వందకు ఒక వంతు కూడా ఉండదు, కానీ బొత్తిగా లేకుండానూ ఉండదు.

అమ్మ వీపు మీద రెండు రోజులు పట్టీలు అతికించి పరీక్ష చేశారు. నికెల్ పెట్టిన చోట ఎర్రగా కందింది. సర్జన్ దాచకుండా చెప్పారు: "చర్మానికి పడనంత మాత్రాన ఎముకకూ పడదని కాదు. దీనిమీద డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. కానీ తెలిశాక జాగ్రత్తపడితే పోయేదేముంది?" పై పొరను ఆక్సైడ్‌గా మార్చిన జిర్కోనియం మోకాలు ఎంచుకున్నారు.

బెత్తమూ ఎముక కావచ్చు!

అలాగని మొక్కలన్నీ ఒంటికి శత్రువులని అనుకోకండి పిల్లలూ. కెనడాలోని ఒట్టావా యూనివర్సిటీలో ఆపిల్ ముక్కలోని కణాలన్నీ కడిగేసి, మిగిలిన సెల్యులోజ్ గూడును ఎలుకల చర్మం కింద పెట్టారు. ఎనిమిది వారాల్లో అందులోకి రక్తనాళాలు పెరిగాయని 2016లో ప్రకటించారు. 2017లో మసాచుసెట్స్‌లోని ఊస్టర్ పాలిటెక్నిక్‌లో, ఇలాగే కడిగిన పాలకూర ఆకు మీద మనిషి గుండె కణాలు కొట్టుకున్నాయి! ఇటలీలోని ఫాయెంజాలో పేము కర్రను కాల్చి, అంచెలంచెలుగా ఎముకలోని ఖనిజంగా మార్చి గొర్రెల ఎముకల్లో పెట్టారు. పేమంటే మా మాస్టారి బెత్తమే! ఎముకలు విరగ్గొడతానని బెదిరించిన బెత్తం ఎముకలు అతికించే రోజూ వస్తోంది.

చెట్టుదా, గనిదా అన్నది ఒంటికి పట్టదు. శుభ్రంగా వచ్చిందా, ఏం కారుతోంది, తన కణాలకు చోటిస్తుందా అన్నదే చూస్తుంది. అందుకే మీ అమ్మానాన్నలకు ఆపరేషన్ అంటే, వాళ్ళ తరఫున మీరే "లేదు" అనేయకండి. గిల్టు నగ, వాచీ, బెల్టు బకిల్ ఎప్పుడైనా పడలేదేమో వాళ్ళనే అడగండి.

ఆపరేషన్ జరిగి ఆర్నెల్లయింది. మొన్న అన్నయ్య ఫోన్ చేసి మోకాలెలా ఉందని అడిగాడు. మేడమెట్లు దిగుతూనే చెప్పింది అమ్మ:

"నీ ముల్లుకంటే నయంరా, నోరు మూసుకుని కూర్చుంది!"