డ్రైవరు లేని ట్రాక్టరు: స్టీరింగు ఎవరి చేతిలో?

జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడు మన మెట్ట రైతాంగానికి తెలిసిన ఊరే. 2020 డిసెంబరు 21న ఆనాటి ముఖ్యమంత్రి జగన్మోహన్‌రెడ్డి భూముల రీసర్వే ప్రారంభించింది అక్కడే. అప్పటికి మనది కృష్ణా జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా. గొలుసు లాగి పొలం కొలిచే కాలం పోయి, కర్రకు బిగించిన రోవరు ఉపగ్రహాల సాయంతో హద్దులు తేల్చడం మొదలైంది. ఆ రోవరుకూ, డ్రైవరు లేకుండా దున్నే ట్రాక్టరుకూ కీలకం ఒక్కటే. కనుక ఇదేదో అమెరికా కబురు, మనకెందుకులే అనుకోవడానికి వీల్లేదు.

ఇందులో మాయా లేదు, మంత్రమూ లేదు. ఉపగ్రహాల సంకేతాలను బట్టి యంత్రం తానెక్కడున్నదీ లెక్క కట్టుకుంటుంది. ఉత్త సంకేతాన్ని నమ్మితే రెండు మూడు మీటర్లు అటూ ఇటూ అవుతుంది. పత్తి చేలో అంత తేడా వస్తే సాలు మీద సాలు పడుతుంది! అందుకని నేల మీద ఒక స్థిర కేంద్రం పెడతారు. తానున్న చోటు దానికి కచ్చితంగా తెలుసు. ఉపగ్రహం చెప్పేదాంట్లో తప్పెంతో తేల్చి, ఆ సవరణను సెల్‌ఫోను నెట్‌వర్కు మీదో రేడియో మీదో యంత్రానికి పంపుతుంది. అప్పుడు తేడా రెండు మూడు సెంటీమీటర్లకు దిగుతుంది. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఒక్కసారి తోలి చూపిస్తే చాలు, మిగతా సాళ్లన్నీ స్టీరింగుకు బిగించిన మోటారే తోలుకుంటుంది. మహీంద్రా కంపెనీ 2017లోనే చెన్నైలో డ్రైవరు లేని ట్రాక్టరును చూపించింది.

అయితే ఆకాశాన్ని పూర్తిగా నమ్మడానికీ లేదు. 2024 మే 10న సూర్యుడి మీది తుపాను ఉపగ్రహ సంకేతాలను చెదరగొడితే, అమెరికాలో మొక్కజొన్న విత్తే యంత్రాలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. విత్తిన రోజు పటం తప్పితే, కలుపు తీసే రోజు యంత్రం ఆ తప్పు పటాన్నే పట్టుకుని మొక్కను కోస్తుంది గదా!

మన వైపు అలాంటి ట్రాక్టరును మేమింకా చూడలేదు. వచ్చింది డ్రోను. అదీ ఇదే విద్య. పత్తికీ మిర్చికీ మందు కొట్టేటప్పుడు చేను హద్దులు ముందే చెప్పించుకుని తనంతట తాను తిరుగుతుంది. పది లీటర్ల ట్యాంకుతో ఎకరం పది నిమిషాల పని. తైవాన్ పంపు వీపున వేసుకుని విషం పీల్చే పని పోతే ఏడ్చేవాడెవడూ లేడు. ఆ కూలి డబ్బులు పోతేనే ఏడుపు. 2021 డ్రోను నిబంధనల ప్రకారం పైలటు సర్టిఫికెట్టు కావాలంటే పదో తరగతి పాసై ఉండాలి. ఇరవై ఏళ్లుగా మందు కొడుతున్న కూలీకి ఏ పురుగుకు ఎంత మందో తెలుసు, పదో తరగతి మాత్రం లేదు. 2023లో కేంద్రం ప్రకటించిన నమో డ్రోన్ దీదీ పథకం 15,000 మహిళా సంఘాలకు డ్రోను ధరలో 80 శాతం, ఎనిమిది లక్షలకు మించకుండా, ఇస్తామన్నది. సంఘంలోని కూలీ అక్కచెల్లెళ్ల చేతికి ఆ రిమోటు వచ్చిందా, సంఘం పేరు ముందు పెట్టి పెద్ద రైతే తిప్పుతున్నాడా? ఊరూరా అడగాల్సిన మాట ఇది.

యంత్రం కొన్నంత మాత్రాన పెత్తనం మనదవుతుందని భ్రమపడకూడదు. 2022లో ఉక్రెయిన్‌లోని మెలితొపోల్ నుంచి రష్యా సైనికులు ఎత్తుకుపోయిన జాన్ డీర్ యంత్రాలకు, అవి చెచ్న్యా చేరాక, దూరం నుంచే తాళం పడింది. దొంగలకు తగిన శాస్తే, కాదనం. కానీ ఆ తాళంచెవి దున్నేవాడి జేబులో లేదు. రేపు వాయిదా కట్టలేని రైతు ట్రాక్టరుకూ అదే తాళం పడితే? అమెరికాలో కొలరాడో రాష్ట్ర రైతులు పోరాడి, తమ యంత్రాలను తామే బాగు చేసుకునే హక్కును 2023లో చట్టంగా తెచ్చుకున్నారు.

ఇక కౌలుదారు సంగతి. ఉపగ్రహం సెంటీమీటరు తప్పకుండా హద్దు చెబుతుంది, రికార్డులో మాత్రం పట్టాదారు పేరే ఉంటుంది. 2019 సాగుదారుల హక్కుల చట్టం కౌలు కార్డుకు యజమాని సంతకం కావాలన్నది, అదీ పదకొండు నెలలకే. కార్డు లేనివాడికి డ్రోను సబ్సిడీ ఎవరిస్తారు?

గుంటూరు లాంలోని ఆచార్య ఎన్.జి. రంగా విశ్వవిద్యాలయం డ్రోను పైలట్లకు శిక్షణ ఇస్తున్నది. నందిగామ, జగ్గయ్యపేట మండలాల్లో ఈ ఏడు కూలి రేట్లు మాట్లాడుకునేటప్పుడు, మందు కొట్టే కూలీల పిల్లల్లో పది పాసైన వారిని అక్కడికి పంపే ఖర్చు ఎవరు పెట్టుకోవాలో కూడా తేల్చుకోవాలి.