పేరు మార్చుకొన్న పత్రిక

సికిందరాబాదులో 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డు రాస్ దోమ పొట్టగోడలో మలేరియా పరాన్నజీవి జాడను కనుగొన్న సంగతి మన బడిపిల్లలకు క్రొత్త కాదు. దానిని వెల్లడించిన వ్యాసము ఆ యేడే డిసెంబరు 18వ తేదీన లండనులో అచ్చయ్యెను. దానిని చదువగోరి గ్రంథాలయమునకు పోవు విద్యార్థి చేతిలో నుండునది యొక చిన్న చీటి: “బ్రి. మెడ్. జ. 1897, 2: 1786.”

చివరి యంకె పుటసంఖ్య. నడిమి రెండు సంపుటసంఖ్య. పత్రిక పుట్టిన రెండవ యేడని భ్రమపడరాదు. ఆ పత్రిక యప్పట్లో ఏటికి రెండు సంపుటములుగా వెలువడుచు, ప్రతి జనవరిలోను మరల ఒకటితోనే లెక్క మొదలిడుచుండెడిది.

చిక్కంతయు పేరులోనే యున్నది. 1840లో పుట్టినపుడు అది ‘ప్రొవిన్షియల్ మెడికల్ అండ్ సర్జికల్ జర్నల్’. 1853లో ‘అసోసియేషన్ మెడికల్ జర్నల్’. 1857లో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’. 1988లో పొడియక్షరములే పేరై ‘బీఎంజే’ యయ్యెను. ముద్దుపేరే అసలు పేరైనదన్నమాట!

గ్రంథపాలకుడు దీనికెన్ని కార్డులు వ్రాయవలెను? తుదిపేరు క్రిందనే చరిత్రనంతయు చేర్చుట యొక పాత పద్ధతి. అన్నియు నొకచోట కనబడుట దాని సుగుణమే. కాని పేరు మారినపుడెల్ల కార్డులు తిరుగవ్రాయవలెను. పైగా చీటిలోని పేరుతో వెదకువానికి, సూచన కార్డు లేనిచో, ఆ పేరే కనబడదు. లేదనుకొని అతడు వెనుదిరుగును. సంపుటమో, పదియడుగుల దూరమున అలమారులోనే యుండును. 1967నాటి ఆంగ్లో-అమెరికన్ నియమములు వేఱుత్రోవ త్రొక్కెను. ఏ పేరున వెలువడిన సంపుటములకు ఆ పేరుననే కార్డు. దానిపై ముందటి పేరును, తరువాతి పేరును తెలుపు సూచన. ఇదియే మేలు. ఏలయన, 1897నాటి వ్యాసమును పేర్కొనువారు సామాన్యముగా ఆనాటి పేరునే వ్రాయుదురు.

కార్డుల వరుసలో మఱియొక వింత కలదు. చుక్కలతో విడివిడిగా వ్రాసిన ‘బీ. ఎం. జే.’ ఆంగ్లాక్షరక్రమమున ‘బీ’ సొరుగు మొదటనే నిలుచును; ‘బ్రిటిష్’ ఎంతో వెనుక నుండును. పత్రిక యొక్కటే, సొరుగులో చోట్లు రెండు.

కుదింపునకును నియమములున్నవి. ‘జర్నల్’ అనుటకు మొదటి యక్షరమే చాలును. ఒంటి మాటగా నున్న పేరును మాత్రము కుదింపరాదు. కావుననే 1823లో పుట్టిన ‘లాన్సెట్’ పూర్తిగనే వ్రాయబడును.

ఈథరుతో నొప్పిలేని శస్త్రచికిత్సను 1846లో ప్రకటించిన ‘బోస్టన్ మెడికల్ అండ్ సర్జికల్ జర్నల్’ 1928లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’ ఆయెను. సంపుటముల లెక్క మాత్రము ఆగలేదు; అలమారులో వరుస యొకటే, కార్డులు రెండు.

1970ల దశాబ్దము నుండి పత్రికలకు ఎనిమిది స్థానముల అంతర్జాతీయ సంఖ్య నిచ్చుచున్నారు. పేరు గట్టిగా మారినచో సంఖ్యయు మారును. 2014లో బీఎంజే తన పేరుకు ముందు ‘ది’ చేర్చుకొనెను. అంతమాత్రమునకు క్రొత్త సంఖ్య అక్కఱలేదు.