కుళాయి కూడా కోటగోడే!

చిన్న దేశానికి రక్షణ అనగానే మనకి ముందు గుర్తొచ్చేది సైన్యం. నేనుంటున్న సింగపూర్ చరిత్ర చదివితే మాత్రం, కుళాయి కూడా కోటగోడ లాంటిదేనని తెలుస్తుంది.

1942 జనవరి 31న బ్రిటిష్ సేనలు వెనక్కి తగ్గుతూ కాజ్‌వేని పేల్చేసినప్పుడు, జోహోర్ నుంచి వచ్చే నీటి పైపు కూడా తెగింది. రెండు వారాలకే సింగపూర్ జపాను వశమైంది. 1965 ఆగస్టు 9న మలేషియా నుంచి విడిపోయినప్పుడూ అదే చిక్కు. 1962 ఒప్పందం ప్రకారం రోజుకి 25 కోట్ల గ్యాలన్ల దాకా తోడుకోవచ్చు. వెయ్యి గ్యాలన్లకి 3 సెన్లు, గడువు 2061. ధర చవకే. కానీ నది ఉన్నది పొరుగువారి నేల మీద!

ఒక్కటి చెడితే మొత్తం ఆగిపోయే ఇలాంటి చోటుని మా సాఫ్ట్‌వేర్ వాళ్ళు ‘సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్’ అంటారు. ఉన్న దారికి తోడు మరో రెండు మూడు దారులు వెయ్యడమే దానికి విరుగుడు. వాడిన నీటిని సన్నటి పొరలగుండా వడగట్టి శుద్ధిచేసే ‘న్యూవాటర్’ 2003లో మొదలైంది. సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే తొలి ప్లాంటు 2005లో, మరీనా బరాజ్ 2008లో వచ్చాయి. 1961 నాటి మరో ఒప్పందం 2011లో ముగిసినప్పుడు ఊరికి దాహం వెయ్యలేదు. పైగా న్యూవాటర్ ఎంతో స్వచ్ఛం కనుక చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలకి సరిగ్గా సరిపోయింది. అవసరం కోసం చేసిన పని ఆదాయానికీ ఆసరా అయింది.

ఇదేమీ ఉచితంగా రాలేదు. 2017, 2018లలో రెండు విడతలుగా నీటి ధర 30 శాతం పెరిగింది. ఉప్పునీటిని మార్చడానికి కరెంటు కావాలి. ఆ కరెంటులో అత్యధిక భాగం దిగుమతి చేసుకున్న గ్యాసుతో పుట్టేదే. అంటే నీటి బెంగ కొంత గ్యాసు మీదికి మళ్ళింది. అందుకే 2013లో ఎల్ఎన్‌జి టెర్మినల్ తెరిచి, పైపులతోపాటు ఓడల్లోనూ గ్యాసు తెచ్చుకునే ఏర్పాటు చేసుకున్నారు.

సింగపూర్ ఇవాళ్టికీ జోహోర్ నీళ్ళు కొంటూనే ఉంది. అయితే ఆ ఒక్క పైపు మీదే ప్రాణం పెట్టుకుని బేరానికి కూర్చోవడం లేదు. నా దృష్టిలో స్వావలంబన అంటే ఇదే.

మన వలస సంసారాల్లో ఎన్నో ఒకే జీతం, ఒకే వీసా మీద నడుస్తున్నాయి. ఆ ఉద్యోగాన్ని గౌరవంగా చేసుకుంటూనే రెండో కుళాయి ఒకటి బిగించుకోవాలి: కొంత పొదుపు, ఇంట్లో ఇంకొకరికి ఒక విద్య. దాహం వెయ్యకముందే సుమండీ!